కొలెస్ట్రాల్ తగ్గించే సప్లిమెంట్లు మొదలుపెట్టే ముందు చూసుకోవలసినవి

విశాఖపట్నం గాజువాకలో ఉండే మా పెదనాన్నగారికి గుండెకు స్టెంటు వేశారు. రెండేళ్ళ కిందట ఆయన మందుల డబ్బా సర్దుతుంటే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ జాతి మందు అటార్వాస్టాటిన్ పట్టీ సగంలో ఆగిపోయి కనిపించింది. దాని పక్కనే వెల్లుల్లి గొట్టాలు (క్యాప్సూల్స్), గుగ్గులు మాత్రలు, చేపనూనె, ఒక మల్టీవిటమిన్ సీసా, నాలుగు విటమిన్ డి సాచెట్లు ఉన్నాయి. అడిగితే, "ఆ ఇంగ్లీషు మందు జీవితాంతం ఎందుకమ్మా, ఇవన్నీ ప్రకృతి ఇచ్చినవే కదా" అన్నారు. ఆ వారమే చేయించిన రక్తపరీక్షలో, మందు వాడుతున్నప్పుడు 70 లోపు ఉండిన చెడ్డ కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్ 130 దాటింది. ఆయన మూడు నెలలుగా ఆ బిళ్ళ మానేశారన్న సంగతి ఆయనకు వైద్యం చేస్తున్న డాక్టరుకు గాని, ఇంట్లో మాకు గాని తెలియదు. సప్లిమెంట్ల వల్ల కలిగే ప్రమాదాల్లో అన్నిటికంటే పెద్దది ఇదే: వేసుకున్న గొట్టం చేసే కీడు కన్నా, దాన్ని నమ్ముకుని ఎవరికీ చెప్పకుండా మానేసిన మందు చేసే కీడు ఎక్కువ.

కాబట్టి మొదటి సీసా కొనక ముందే రక్తపరీక్ష చేయించుకోవాలి. రక్తంలో కొవ్వుల లెక్క చెప్పే లిపిడ్ ప్రొఫైల్‌తో పాటు కాలేయానికి ఎస్‌జీపీటీ, మూత్రపిండాలకు క్రియాటినిన్, షుగరు, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ కూడా చూడాలి. థైరాయిడ్ మందగించినవారిలో ఎల్‌డీఎల్ పెరుగుతుంది. అటువంటివారు థైరాయిడ్‌కు సరైన మోతాదు వాడితే చాలాసార్లు కొలెస్ట్రాల్ దానంతటదే దిగుతుంది. ల్యాబ్ కాగితం మీద "నార్మల్" అని అచ్చు వేసిన అంకె అందరికీ ఒకటే, మీకు కావలసిన అంకె మాత్రం మీ గుండెను బట్టి ఉంటుంది. గుండె వైద్యుల సంఘమైన కార్డియోలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రమాదం తక్కువగా ఉన్నవారికి ఎల్‌డీఎల్ 100 లోపు, ఎక్కువగా ఉన్నవారికి 70 లోపు, ఇప్పటికే గుండెపోటు వంటివి వచ్చినవారికి 55 లోపు ఉండాలి. ట్రైగ్లిజరైడ్లు అనే మరో రకం కొవ్వు బాగా ఎక్కువగా ఉన్నవారు తప్ప మిగిలినవారు మొదటి పరీక్షకు పరగడుపున వెళ్ళనవసరం లేదని కూడా అందులోనే చెప్పారు.

ఆ అంకె చేతికి వచ్చాక, ఏది ఎంత తగ్గించగలదో తెలుసుకుంటే ఆశ అదుపులో ఉంటుంది. అమెరికాలో 2022లో వెలువడిన ఒక పరిశోధనలో సుమారు 200 మందికి 28 రోజుల పాటు చేపనూనె, దాల్చినచెక్క, వెల్లుల్లి, పసుపు, మొక్కల స్టెరాల్స్ (మొక్కల్లో ఉండే కొవ్వులాంటి పదార్థాలు), రెడ్ ఈస్ట్ రైస్ గొట్టాలను వేర్వేరుగా ఇచ్చి, మరో బృందానికి 5 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్ అనే స్టాటిన్ బిళ్ళ ఇచ్చారు. ఆ చిన్న బిళ్ళ ఎల్‌డీఎల్‌ను దాదాపు 38 శాతం దించింది. ఆరు సప్లిమెంట్లలో ఒక్కటీ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు. అది నెల రోజుల పరిశోధనే గనుక అన్నిటినీ కొట్టిపారేయనక్కరలేదు. రోజుకు 2 గ్రాముల మొక్కల స్టెరాల్స్, 7 నుంచి 10 గ్రాముల ఇసబ్‌గోల్ పొట్టు క్రమంగా వాడితే ఎల్‌డీఎల్ 5 నుంచి 10 శాతం వరకు తగ్గుతుందని ఇతర పరిశోధనలు చూపాయి. కొద్దిగా ఎక్కువున్నవారికి ఆ మాత్రం ఉపయోగమే. స్టెంటు వేసుకున్న మనిషికి అది ఏ మూలకూ చాలదు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసినది రెడ్ ఈస్ట్ రైస్. పేరు విని, రైతు బజారులో దొరికే ఎర్ర బియ్యమే కదా అనుకునేవారు ఉన్నారు. ఆ బియ్యానికి దీనితో ఏ సంబంధమూ లేదు; మన ఎర్ర బియ్యంలో ఎరుపు పైపొరది, ఇది మొనాస్కస్ అనే బూజుతో పులియబెట్టిన బియ్యం. ఆ బూజు తయారుచేసే మొనాకొలిన్ కె అనే పదార్థం, 1987 నుంచి మందుగా అమ్ముతున్న లోవాస్టాటిన్, రసాయనికంగా రెండూ ఒక్కటే. అంటే స్టాటిన్ వేసుకుంటూ దీన్ని కూడా వేసుకునే మనిషి తనకు తెలియకుండానే రెండు స్టాటిన్లు వేసుకుంటున్నట్లు లెక్క. పైగా ఏ సీసాలో ఎంత మొనాకొలిన్ ఉందో చాలాసార్లు పైన రాయరు, ఒక సీసాకు మరో సీసాకు పోలిక ఉండదు. యూరోపియన్ యూనియన్ 2022లో రోజువారీ మోతాదులో మొనాకొలిన్లు 3 మిల్లీగ్రాముల లోపే ఉండాలని కట్టడి చేసింది. పులియబెట్టడం సరిగా జరగకపోతే సిట్రినిన్ అనే విషం చేరుతుంది, అది మూత్రపిండాలకు హాని. జపాన్‌లో 2024 మార్చిలో ఒక కంపెనీ ఈ రకం మాత్రలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. వాటిని వాడిన వందలాది మంది మూత్రపిండాల జబ్బుతో ఆసుపత్రుల పాలయ్యారు, తయారీలో మరో బూజు చేరి విడుదల చేసిన పదార్థం ఉన్నట్లు విచారణలో బయటపడింది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కాలేయం జబ్బు ఉన్నవారు దీని జోలికి పోకూడదు. స్టాటిన్ పడలేదని మానేసినవారు దీన్ని ఎంచుకుంటే, ఆ పడని గుణమే మళ్ళీ తలెత్తవచ్చు.

గుగ్గులు మనది కదా అన్న అభిమానం నాకూ ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ దాని నుంచి గుగులిపిడ్ అనే మందునే తయారుచేసింది. అయితే 2003లో అమెరికాలో జరిగిన పరీక్షలో అది వాడినవారిలో ఎల్‌డీఎల్ తగ్గకపోగా కాస్త పెరిగింది, కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి. మానుపసుపులో ఉండే బెర్బెరిన్ షుగరు మందులతో కలిస్తే షుగరు మరీ పడిపోవచ్చు, కొన్ని స్టాటిన్లను రక్తంలో ఎక్కువసేపు నిలిపివేయవచ్చు. గర్భిణులకు అది పూర్తిగా నిషిద్ధం. కూరలో వేసే పసుపు, వెల్లుల్లి వేరు, వాటి సారాన్ని చిక్కబరిచి గొట్టాల్లో నింపినది వేరు. మిరియాల సారం కలిపిన పసుపు గొట్టాలతో కాలేయం దెబ్బతిన్నవారు ఉన్నారు. వెల్లుల్లి గొట్టాలు, చేపనూనె, విటమిన్ ఇ, ఈ మూడూ రక్తం గడ్డకట్టే తీరును కొంత మార్చగలవు గనుక ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, ఎసిట్రోమ్ వంటి రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా వేసుకోరాదు. చేపనూనె దించేది ట్రైగ్లిజరైడ్లనే, ఎల్‌డీఎల్‌ను కాదు. పెద్ద మోతాదులో గుండె లయ తప్పే ప్రమాదం కొద్దిగా పెరుగుతుంది.

ఇక విటమిన్ల దగ్గర జరిగే పొరపాట్లు చిన్నవిగా కనిపించి పెద్దవవుతాయి. పెదనాన్నగారి డబ్బాలోని డి విటమిన్ సాచెట్ ఒక్కొక్కటి 60,000 యూనిట్లది. దాన్ని సాధారణంగా వారానికి ఒకటి చొప్పున, కొన్ని వారాలే రాస్తారు. ఆయన రోజు మార్చి రోజు పాలల్లో కలుపుకుంటున్నారు. డి విటమిన్ కొవ్వులో కరిగి ఒంట్లో నిలవ ఉంటుంది. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, అతిదాహం, చివరికి మూత్రపిండాల దెబ్బ వరకు వెళ్తుంది. నియాసిన్ అనే బి3 మల్టీవిటమిన్‌లో ఉండే పదీ పదిహేను మిల్లీగ్రాములైతే భయం లేదు, కాని కొలెస్ట్రాల్ కోసమని గ్రాముల లెక్కన అమ్మేది కాలేయాన్ని దెబ్బతీయగలదు, షుగరు పెంచగలదు. స్టాటిన్‌కు దాన్ని జతచేసి చేసిన రెండు పెద్ద పరీక్షల్లో, 2011లోనూ 2014లోనూ, గుండెపోట్లు ఏమీ తగ్గలేదు. జుట్టు కోసం వాడే బయోటిన్ గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది: ఎక్కువ మోతాదులో అది కొన్ని రక్తపరీక్షలను తప్పుదారి పట్టిస్తుంది. గుండెనొప్పితో అత్యవసర విభాగానికి వెళ్ళినప్పుడు చేసే ట్రోపోనిన్ పరీక్షలో అంకె ఉన్నదానికంటే తక్కువగా రావచ్చు. అక్కడి డాక్టరు అడగకపోయినా ఆ మాట మీరే చెప్పండి. స్టెరాల్స్ వాడేవారికి, ఎ విటమిన్‌గా మారే కెరోటిన్లు ఒంటికి తక్కువగా పడతాయి, కాబట్టి గుమ్మడి, క్యారెట్, బొప్పాయి, మునగాకు భోజనంలో ఉండేటట్లు చూసుకోవాలి. వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడేవారు విటమిన్ కె ఉన్న ఆకుకూరలు మానేయనవసరం లేదు, ఒక వారం రోజూ తిని మరో వారం ముట్టకుండా ఉండడమే చిక్కు తెస్తుంది.

ఇసబ్‌గోల్ నేను ఇంట్లో కలుపుతాను, అందుకే ఇది వివరంగా చెబుతున్నాను. పెద్ద గ్లాసు నీళ్ళలో ఒక చెంచా పొట్టు వేసి తిప్పిన వెంటనే తాగేయాలి. ఫోన్ వచ్చిందని రెండు నిమిషాలు పక్కన పెడితే అది గంజిలా చిక్కబడి, చెంచా నిలబడేంత జిగురవుతుంది. నీళ్ళు చాలకుండా మింగితే గొంతులోనో పేగులోనో అదే జరుగుతుంది. మింగడం కష్టమైన వృద్ధులకు ఇవ్వకండి. మొదటి వారం ఒక్క చెంచాతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచితే కడుపుబ్బరం ఉండదు. ఇతర మందులకు దీనికి కనీసం రెండు గంటల ఎడం ఉండాలి, లేకపోతే వాటిని ఒంటికి పట్టనివ్వదు. థైరాయిడ్ బిళ్ళకు కాల్షియం, ఐరన్ ఉన్న మల్టీవిటమిన్‌కు మధ్య నాలుగు గంటలు ఉంచాలి.

వీటన్నిటికీ ముందు కంచం సరిగా ఉండాలి. విశాఖవాసులకు ఈ విషయంలో లోటు లేదు. చేపలరేవు నుంచి వచ్చే కానాగంతలు, కవళ్ళు పులుసు పెట్టుకుంటే చేపనూనె గొట్టంలోని కొవ్వే రుచిగా వస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంలో తాజా చేప తగ్గినా, అవిసెలు, అక్రోటు తినవచ్చు. చోడి (రాగి) అంబలి, బార్లీ, ఓట్స్, ఉలవలు, చిక్కుళ్ళు పీచునిస్తాయి. పామాయిల్‌లో సగం దాకా సంతృప్త కొవ్వే, దాన్ని మళ్ళీ మళ్ళీ కాచి వేసిన బజ్జీలు బీచ్ రోడ్డు నడకతో కరగవు. నెయ్యి ఓడుతున్న మాడుగుల హల్వా పండుగనాడు ఒక ముక్క చాలు. అటార్వాస్టాటిన్, సిమ్‌వాస్టాటిన్ వేసుకునేవారు పంపరపనస ఎక్కువగా తినకపోవడం మంచిది, ఆ జాతి పండ్లలోని పదార్థాలు ఆ మందును రక్తంలో పెంచగలవు.

కొనేటప్పుడు లేబుల్ మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు, ఒక్కో గొట్టంలో ఏది ఎన్ని మిల్లీగ్రాములు, "ఔషధంగా వాడడానికి కాదు" అన్న వాక్యం ఉన్నాయో లేదో చూడండి. ఆ వాక్యం నియమం ప్రకారం వేస్తారు, కాబట్టి జబ్బు నయం చేస్తామని చెబుతూనే ఆ వాక్యం వేసే సీసాను నమ్మకండి. ఏదైనా ఒక్కటే మొదలుపెట్టండి. ఒకేసారి నాలుగు మొదలుపెడితే దద్దురు దేనివల్లో, మేలు దేనివల్లో ఎవరూ చెప్పలేరు. తేదీ, మోతాదు ఒక కాగితం మీద రాసుకోండి, ఇంట్లో ఉన్న సీసాలన్నీ ఒక సంచీలో వేసుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళండి. మేము పెదనాన్నగారిని అలాగే తీసుకువెళ్ళాం. ఆయన మీద ఎవరూ కోప్పడలేదు. డాక్టరు సంచీ బల్ల మీద గుమ్మరించి, ఒక్కొక్క సీసా తిప్పి చూసి, ఇసబ్‌గోల్ ఒక్కటి పక్కన పెట్టి, ఆగిపోయిన స్టాటిన్ మళ్ళీ రాశారు.

మొదలుపెట్టాక ఎనిమిది, పన్నెండు వారాల మధ్య మళ్ళీ లిపిడ్ ప్రొఫైల్, ఎస్‌జీపీటీ చేయించాలి. అంకె కదలకపోతే ఆ సప్లిమెంట్ ఆపేయడమే సబబు. ఆపరేషన్, పన్ను పీకించుకోవడం వంటివి ఉంటే ముందుగానే ఈ గొట్టాల సంగతి చెప్పాలి. కారణం తెలియని కండరాల నొప్పి, కాళ్ళు పట్టు తప్పడం, టీ డికాక్షన్ రంగులో మూత్రం, కళ్ళు పచ్చబడడం, వీటిలో ఏది కనిపించినా సప్లిమెంట్ ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, సీసా కూడా వెంట తీసుకువెళ్ళాలి.