భౌతికశాస్త్ర పుస్తకాన్ని చివరిదాకా చదవడం ఎలా?

సామాన్య పాఠకుల కోసం రాసిన భౌతికశాస్త్ర పుస్తకాన్ని ఎంతో ఇష్టంగా కొని, మూడో అధ్యాయం దగ్గర ఆపేసినవారు మన చుట్టూ చాలామంది కనిపిస్తారు. తమకు లెక్కలు రాకపోవడమే అందుకు కారణమని వారు అనుకుంటారు గానీ, నిజానికి ఆ పుస్తకాల్లో లెక్కలు దాదాపు ఉండవు. స్టీఫెన్ హాకింగ్ 1988లో వెలువరించిన ప్రసిద్ధ గ్రంథం ‘ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్’లో ఉన్నది ఒకే ఒక్క సమీకరణం. చిక్కంతా చదివే పద్ధతిలో ఉంది. నవల చదివినట్టు ఏకబిగిన చదువుకుంటూ పోతే మాటలు మిగులుతాయి, విషయం మిగలదు. ఒక పెన్సిలు, నాలుగు తెల్లకాగితాలు పక్కన పెట్టుకొని, అధ్యాయానికి ఒక్క సంగతినైనా మన ఊరి కొలతల్లోకి తెచ్చుకుంటూ చదివితే అదే పుస్తకం మనది అవుతుంది.

మొదట పుస్తకాన్ని ఎంచుకోవాలి. కృష్ణబిలాలతోనో క్వాంటం సిద్ధాంతంతోనో మొదలుపెట్టవద్దు. నీరు, గాలి, వెలుతురు, ధ్వని వంటి చేతికందే విషయాల గురించి రాసిన పుస్తకంతో ఆరంభించండి. రష్యన్ రచయిత యాకోవ్ పెరెల్మాన్ 1913లో ఇటువంటి పుస్తకమే రాశారు. తెలుగులో మహీధర నళినీమోహన్ రచనలు ఈ దారిలో మంచి తోడు. కొనేముందు అంగడిలోనే నిలబడి మధ్యలో రెండు పేజీలు చదవండి. ఫలానా సంగతి నిజమని చెప్పడంతో సరిపెట్టకుండా, దాన్ని ఎవరు, ఏ ప్రయోగంతో, ఎలా కనుక్కున్నారో రచయిత చెబుతున్నారా అన్నది చూడండి. అట్ట మీద ‘క్వాంటం’ అని వేసి లోపల ఆరోగ్యమో ఐశ్వర్యమో ఇస్తామనే పుస్తకం భౌతికశాస్త్రానికి చెందినది కాదు.

ఆ తరువాత ముద్రణ సంవత్సరం చూడండి. విశ్వం విస్తరించే వేగం పెరుగుతోందని 1998లో తెలిసింది. హిగ్స్ బోసాన్ అనే మౌలిక కణం ఉనికిని 2012లో ప్రకటించారు. గురుత్వ తరంగాలను మొదటిసారి 2015లో పట్టుకున్నారు. అంతకు ముందు వచ్చిన పుస్తకం ఈ విషయాల్లో పాతబడి ఉంటుంది, అంతమాత్రాన పనికిరానిది కాదు. న్యూటన్ సూత్రాల గురించో కాంతి గురించో అది చెప్పిన మాట ఇప్పటికీ నిలుస్తుంది. ఏ అధ్యాయం పాతదో తెలుసుకొని చదివితే చాలు.

మూడో పని మాటల పట్టిక. తెలుగులో చదివేవారికి ఇది మరీ అవసరం, ఎందుకంటే వాడుకలో మనం ఒకటిగా చూసే మాటలు శాస్త్రంలో వేరువేరు. బలం, శక్తి, సామర్థ్యం అనేవి ఇంట్లో దాదాపు ఒకటే గానీ, పుస్తకంలో బలం అంటే తోయడం లేదా లాగడం, శక్తి అంటే పని చేయగలగడం, సామర్థ్యం అంటే ఆ పని ఎంత త్వరగా జరుగుతోందన్న కొలత. నెత్తిన మూట పెట్టుకొని కదలకుండా నిలబడిన మనిషి ఆ మూట మీద భౌతికశాస్త్రం ప్రకారం ఏ పనీ చేయడం లేదు. ఈ తేడా తెలియకుండా ముందుకు వెళితే పదో పేజీలో వాక్యాలన్నీ అర్థమైనట్టే ఉండి, ఏదీ అర్థం కాదు. కాబట్టి కొత్త మాట వచ్చిన ప్రతిసారీ దాని అర్థాన్ని మీ సొంత వాక్యంలో రాసుకోండి.

నాలుగో పని అన్నిటికన్నా ముఖ్యం. రచయిత ఇచ్చిన అంకె మీద మీరే ఒక చిన్న లెక్క వేయాలి. ఉదాహరణకు, పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గుతుందని పుస్తకంలో చదివారనుకుందాం. అలిపిరి దాటి తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కే బస్సులో కొన్ని మలుపుల తరువాత చెవులు దిబ్బడ వేయడం, గుటక వేయగానే ‘టప్’మని విడిపోవడం తిరుపతివారందరికీ అనుభవమే. చెవి లోపల ఉన్న గాలి ఇంకా కింది పీడనంలోనే ఉండిపోయి, బయటి పీడనం తగ్గడం వల్ల కర్ణభేరి బయటికి ఉబ్బుతుంది. గుటక వేసినప్పుడు గొంతుకూ చెవికీ మధ్య ఉన్న సన్నని గొట్టం తెరుచుకొని రెండూ సమానమవుతాయి.

ఇప్పుడు కాగితం తీయండి. గాలి పీడనం అంటే మన మీద నిలిచిన గాలి బరువే. ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. తిరుపతి నుంచి తిరుమలకు ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. అంటే చదరపు మీటరు నేల మీద, కొండ ఎత్తు వరకు నిలిచిన గాలి స్తంభం 840 కిలోలు. అదే చదరపు మీటరు మీద మొత్తం వాతావరణం సుమారు 10,000 కిలోలు ఉంటుంది. కనుక కొండ ఎక్కేసరికి మన మీది గాలిలో దాదాపు ఎనిమిది శాతం కిందనే ఉండిపోయింది. అక్కడ నీళ్లు 100 డిగ్రీల దాకా వేడెక్కకుండా, సుమారు 97 దగ్గరే మరగడానికీ కారణం ఇదే. మూడు వరసల గుణకారంతో చెవిలో వినబడిన చప్పుడు, పొయ్యి మీది నీళ్లు ఒక్కచోటికి వచ్చాయి. ఈ ఆనందం రుచి చూసినవారు పుస్తకాన్ని మధ్యలో వదలరు.

వేగాన్నీ గురుత్వాకర్షణనూ బట్టి కాలం నడక మారుతుందని చెప్పే సాపేక్షతా సిద్ధాంతానికీ ఇలాగే చేయవచ్చు. ఫోనుకు దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు, సవరించకపోతే, నేల మీది గడియారాల కన్నా రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. మైక్రోసెకనులో కాంతి 300 మీటర్లు వెళుతుంది. గుణించి చూడండి, 11 కిలోమీటర్లకు పైనే వస్తుంది. గడియారాన్ని సవరించకపోతే ఒక్క రోజులో ఉపగ్రహం దూరం లెక్క అంత తప్పుతుందన్నమాట. తిరుపతి నుంచి చంద్రగిరికి ఇంచుమించు అంత దూరం.

ఐదో పని, పోలికలను పరీక్షించడం. రబ్బరు గుడ్డను బిగించి పట్టి, మధ్యలో ఇనపగుండు పెట్టి, గురుత్వాకర్షణ అంటే ఇదేనని చాలా పుస్తకాలు చెబుతాయి. పోలిక అందమైనదే. అయితే ఆ గుండును కిందికి లాగుతున్నది ఏమిటి? భూమి ఆకర్షణే. ఆకర్షణను వివరించడానికి ఆకర్షణనే వాడుకున్నారన్నమాట. పైగా కాలం కూడా మారుతుందన్న అసలు సంగతి ఆ గుడ్డ మీద కనబడదు. ప్రతి పోలిక పక్కన అంచులో రెండు గుర్తులు పెట్టుకోండి: ఇది ఎక్కడిదాకా సరిపోతుంది, ఎక్కడ తెగిపోతుంది. రచయిత తానే ఆ హద్దు చెప్పినట్లయితే, ఆ రచయితను నమ్మి మిగతా పుస్తకాలూ చదవవచ్చు.

కొరుకుడు పడని అధ్యాయం వస్తే రెండుసార్లు చదివి, పేజీ అంకె రాసుకొని, దాటి వెళ్లండి. తరువాతి అధ్యాయం చదివాక వెనుకటిది తెలిసిరావడం ఈ శాస్త్రంలో మామూలే. ఈలోగా అలిపిరి దారిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి వెళ్లి, చదివిన విషయానికి సంబంధించిన నమూనా ఏదైనా ఉంటే చేత్తో తిప్పి చూడండి. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి వద్ద రేడియో తరంగాలను ఆకాశంలోకి పంపి, గాలి పొరల నుంచి తిరిగివచ్చే అతి స్వల్పమైన ప్రతిధ్వనిని పట్టుకొనే రాడార్ ఉంది. తరంగాల అధ్యాయం చదువుతున్నవారు ఆ దారిన పోయేటప్పుడు, ఆ ప్రతిధ్వని గాలి వేగాన్ని ఎలా చెప్పగలుగుతుందో ఆలోచించవచ్చు.

చివరిగా, అధ్యాయం ముగిసిన రోజునే దాన్ని ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లకో పిల్లవాడికో పుస్తకం మూసి, తెలుగులో చెప్పండి. వారు ‘ఎందుకు?’ అని అడిగిన చోట మీ మాట ఆగిపోతే, మళ్లీ చదవవలసిన పేజీ అదే. పెన్సిలుతో అక్కడ ఒక గుర్తు పెట్టి, మర్నాడు అక్కడి నుంచే మొదలుపెట్టండి.