మీ సొంత డిజైన్‌తో స్కార్ఫ్ ప్రింట్ చేయించుకోవడం ఎలా?

స్కార్ఫ్‌ని ఎవరూ పరిచి వేసుకోరు. మెడకు చుట్టుకుంటారు, మూలకు మూల మడిచి భుజాన వేసుకుంటారు. ఎండాకాలం అమీర్‌పేట సిగ్నల్ దగ్గర చూడండి, కళ్లు తప్ప ముఖమంతా స్కార్ఫ్‌తో కప్పేసుకుని స్కూటీలు నడుపుతుంటారు. అప్పుడు బయటికి కనిపించేది ఎక్కువగా అంచులు, మూలలే. మధ్యలో ఎంత గొప్ప నెమలిని గీసినా మడతల్లోకి పోతుంది. అందుకే డిజైన్‌ని మూల నుంచి మొదలుపెట్టండి.

ముందు బట్ట తేల్చుకోండి

కాటన్, సిల్క్ మీద సాధారణంగా రియాక్టివ్ ఇంకులతో (బట్ట పోగుతో కలిసిపోయే రంగులు) వేస్తారు. వేశాక ఆవిరి పట్టి, ఉతికితేనే ఆ రంగు నిలుస్తుంది. పాలిస్టర్‌కు సబ్లిమేషన్ పద్ధతి, అంటే వేడితో రంగును బట్టలోకి దింపడం. ధర తక్కువ, రంగులు భలే మెరుస్తాయి, కానీ మే నెలలో ముఖానికి చుట్టుకుంటే ఉక్కపోతే. మొదటిసారి అయితే పల్చటి మల్‌మల్ కాటన్ మంచిదని నా లెక్క.

జనరల్ బజార్‌కు వెళ్లి బట్ట కొనేసే ముందు ప్రింటింగ్ వాళ్లతో ఒకమాట మాట్లాడండి. రియాక్టివ్ ప్రింట్‌కు బట్టకు ముందే మందు పూత పట్టించాలి కాబట్టి, కొందరు తమ దగ్గరున్న బట్ట మీదే వేస్తామంటారు. ప్రింట్ వెనకవైపు ఎంతవరకు దిగుతుందో కూడా అప్పుడే అడగండి. మందపాటి బట్టయితే వెనక వెలిసినట్టుంటుంది, ముడి వేసినప్పుడు అదే బయటపడుతుంది.

ఫైల్ సైజు

36 అంగుళాల చదరం స్కార్ఫ్‌కు చుట్టూ అర అంగుళం అదనంగా వదిలి, 37 అంగుళాల కాన్వాస్ తీసుకోండి. బట్టకు 150 డీపీఐ (అంగుళానికి 150 చుక్కలు) సాధారణంగా సరిపోతుంది. అంటే 5,550 పిక్సెళ్ల చదరం. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లు క్రిటా, ఇంక్‌స్కేప్ రెండూ ఉచితమే. ఐప్యాడ్ ఉంటే ప్రోక్రియేట్ వాడొచ్చు గానీ, కాన్వాస్ పెద్దదయ్యేకొద్దీ దొరికే లేయర్లు (ఒకదాని మీద ఒకటి పేర్చి గీసే పొరలు) తగ్గిపోతాయి.

మోటిఫ్ (డిజైన్‌లో వాడే నమూనా) ఎక్కడ దొరుకుతుంది?

ఇంటర్నెట్‌లో వెతికే బదులు సంతోష్‌నగర్ వైపు పైగా సమాధులకు వెళ్లండి. చార్మినార్ బొమ్మ ఇప్పటికే వెయ్యి సంచుల మీద ఉంది, దాన్ని వదిలేయండి. పైగా సమాధుల జాలీలు (అల్లికలా కంతలున్న తెరలు) స్కార్ఫ్ కోసమే చెక్కారా అన్నట్టుంటాయి.

ఒక జాలీకి సరిగ్గా ఎదురుగా నిలబడి, ఫోన్ వంచకుండా ఫొటో తీయండి. పక్కనుంచి తీస్తే గీతలన్నీ వాలిపోయి, తర్వాత సరిచేయలేక చస్తాం. ఆ ఫొటోను అడుగు లేయర్‌లో పెట్టి, లీలగా కనిపించేలా ఒపాసిటీ బాగా తగ్గించండి. నమూనా ఎక్కడ మొదలై ఎక్కడ మళ్లీ అదే వస్తోందో వెతికి, ఆ ఒక్క ముక్కనే పై లేయర్‌లో గీయండి. గీత ఒక మిల్లీమీటరైనా ఉండాలి, అంటే దాదాపు 6 పిక్సెళ్లు. అంతకన్నా సన్నగా గీస్తే మల్‌మల్ మీద ఇంకు పాకి చెదిరిపోతుంది. ఆ ముక్కను సరిగ్గా దాని సైజు కాన్వాస్‌లో విడిగా తెరిచి, క్రిటాలో డబ్ల్యూ నొక్కితే అది నాలుగు వైపులా రిపీట్ అవుతూ కనిపిస్తుంది. అతుకు ఎక్కడ తప్పిందో వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు స్కార్ఫ్‌లో నాలుగో వంతే పూర్తి చేయండి. మూలలో జాలీ దట్టంగా, లోపలికి వెళ్లేకొద్దీ పల్చగా. దాన్నే కాపీ చేసి అద్దంలో చూసినట్టు తిప్పితే మిగతా మూడు భాగాలు వచ్చేస్తాయి. రంగులు మూడు నాలుగు దాటనివ్వకండి.

మూల సరిచూడండి

జిరాక్స్ షాపులో ఒక మూలను ఏ3 కాగితం మీద అసలు సైజులో తీయించండి. పాత చున్నీ మూలకు పిన్ను పెట్టి, చుట్టుకుని అద్దం ముందు నిలబడండి. తెర మీద ముచ్చటగా ఉన్న పువ్వు ఇక్కడ అరచేయంత కనిపిస్తే తగ్గించుకోవచ్చు.

ప్రింటింగ్‌కు పంపడం

బట్ట పన్నా (వెడల్పు) 44 అంగుళాలైతే పక్కన కాస్త బద్ద మిగులుతుంది. అందులో మీ రంగులనే కాస్త ముదురుగా, కాస్త లేతగా చిన్న గళ్లలా పెట్టించండి. తెర మీది మెరిసే నీలం, చిలకాకుపచ్చ బట్ట మీద చాలావరకు మసకబారతాయి. తర్వాతి స్కార్ఫ్‌కు ఈ గళ్లే కొలమానం. తొందర లేకపోతే అసలు ప్రింట్‌కు ముందే చిన్న శాంపిల్ అడగండి.

లేయర్లు కలిపేసి టిఫ్ లేదా పీఎన్‌జీగా సేవ్ చేయండి. వాట్సాప్‌లో ఫొటోలా పంపితే సైజు కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. "సైజు మార్చొద్దు" అని గట్టిగా చెప్పండి.

కత్తిరించాక అంచులకు చీరల ఫాల్ కుట్టే షాపులో పీకో చేయించండి. దారం అంచు రంగుకు కలిసేలా మీరే ఎంచుకోండి, లేకపోతే డబ్బాలో ఏది ముందుంటే అది వేసేస్తారు. సిల్క్ అయితే పీకో వద్దు, చేత్తో మడత కుట్టించండి. మొదటి ఉతుకు చల్లనీళ్లలో విడిగా, ఆరేయడం నీడలో.