షట్‌డౌన్‌లో తొలిసారి పీఎల్‌సీ మీద చెయ్యి వేసేవాళ్లకు

వానలు పడి సిమెంట్ గిరాకీ తగ్గిందంటే ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు ఫ్యాక్టరీల్లో కిల్న్ (సున్నపురాయిని కాల్చే తిరిగే పెద్ద కొలిమి) ఆపి లోపలి ఇటుకలు మార్చే పనులు పెట్టుకుంటారు. దాన్నే షట్‌డౌన్ అంటారు. మనుషులు చాలని ఆ రోజుల్లోనే, అప్పటిదాకా బోర్డులు రిపేరు చేసుకుంటున్న కుర్రాడి చేతికి లాప్‌టాప్ ఇచ్చి "ఆ పీఎల్‌సీ సంగతి కూడా చూడబ్బీ" అంటారు. పీఎల్‌సీ అంటే ఫ్యాక్టరీ మోటార్లను ప్రోగ్రామ్ ప్రకారం నడిపే చిన్న కంప్యూటర్. నేర్చుకోవడానికి అది మంచి అదనే. కానీ ముందే కొన్ని తెలుసుకుని వెళ్లాలి.

ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకు ల్యాడర్ లాజిక్, అంటే నిచ్చెన బొమ్మలాగా వేసే పీఎల్‌సీ ప్రోగ్రామ్, పెద్ద కష్టమేం కాదు. 1960ల చివర్లో అమెరికా కార్ల ఫ్యాక్టరీల్లో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ప్యానెళ్ల వైరింగ్ మార్చలేక విసిగిపోయి పీఎల్‌సీ తెచ్చుకున్నారు. ఎలక్ట్రీషియన్లకు అర్థం కావాలని దాని ప్రోగ్రామును రిలే డ్రాయింగులాగే ఉంచారు. చిక్కల్లా టేబుల్ మీద అలవాటైన ధోరణితోనే. అక్కడ ఒక ప్రయత్నం తప్పితే ట్రాన్సిస్టర్ కాలిపోతుంది, ఇంకోటి వేస్తాం. ఇక్కడ ఒక బిట్ తప్పితే బెల్టు కదులుతుంది. ఆ బెల్టు మీద ఫిట్టర్ కూర్చుని ఉండొచ్చు.

అందుకే షట్‌డౌన్‌కు ముందే ఇంట్లో కొంత సాధన చేయండి. 24 వోల్టుల పవర్ సప్లయ్, చిన్న పీఎల్‌సీ, రెండు పుష్ బటన్లు, ఒక రిలే, ఒక లాంప్ ఉంటే చాలు. అదీ కుదరకపోతే కోడెసిస్ అనే పీఎల్‌సీ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, అందులో సిమ్యులేషన్ ఉంది. డెల్టా కంపెనీ పీఎల్‌సీల సాఫ్ట్‌వేర్‌కూ డబ్బులు అక్కర్లేదు. క్రాక్ చేసిన కాపీలు ఎక్కించిన లాప్‌టాప్‌ను మాత్రం ప్లాంట్ గేటు దాటించకండి. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ వైరస్ పెన్‌డ్రైవుల ద్వారా పాకి, సీమెన్స్ ప్రోగ్రామింగ్ ఉన్న కంప్యూటర్ల దారిలోనే పీఎల్‌సీల దాకా చేరింది.

మొదట నేర్చుకోవాల్సింది స్టాప్ బటన్. ఫీల్డులో అది ఎన్‌సీ కాంటాక్ట్, అంటే నొక్కనప్పుడు కరెంటు పారుతూ ఉంటుంది, ఇన్‌పుట్ లైటు వెలుగుతూ ఉంటుంది. కాబట్టి ల్యాడర్‌లో దానికి ఎన్‌ఓ గుర్తు (ఇన్‌పుట్ వెలిగితేనే దారిచ్చేది) వేయాలి. కొత్తవాళ్లు బటన్‌ను చూసి ప్రోగ్రాములోనూ ఎన్‌సీ గుర్తే వేస్తారు, మోటార్ స్టార్ట్ కాదు. అప్పుడు ప్రోగ్రామ్ సరిదిద్దకుండా ఫీల్డుకు వెళ్లి బటన్ కాంటాక్టునే ఎన్‌ఓకు, అంటే నొక్కితేనే కరెంటు పారేలా, మార్చేవాళ్లున్నారు. మోటార్ తిరుగుతుంది, అందరూ శభాష్ అంటారు. ఆ తర్వాత ఎలుక కేబుల్ కొరికినా, టెర్మినల్ స్క్రూ వదులైనా స్టాప్ బటన్ ఎంత నొక్కినా మోటార్ ఆగదు. ఎన్‌సీగా ఉండి ఉంటే తీగ తెగిన క్షణమే ఆగేది. 4-20 మిల్లీఆంపుల సిగ్నల్‌లో సున్నాకు 4 పెట్టుకోవడంలోనూ ఇదే ఉపాయం ఉంది: కరెంటు 4 కూడా లేక సున్నా మిల్లీఆంపులకు పడితే తీగ తెగిందని తెలిసిపోతుంది.

ఎమర్జెన్సీ స్టాప్, కన్వేయర్ పుల్ కార్డ్ స్విచ్ (బెల్టు వెంట కట్టిన తాడు లాగితే ఆపేది) సంగతి ఇంకా గట్టిది. అవి సేఫ్టీ రిలే ద్వారానో నేరుగానో కాంటాక్టర్ (మోటార్‌కు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్) కాయిల్‌కు కరెంటు తెంచెయ్యాలి. మామూలు పీఎల్‌సీకి అవి సమాచారం మాత్రమే ఇవ్వాలి. ప్రోగ్రామును నమ్మి మనిషి ప్రాణం పెట్టకూడదు.

ఇక ఫోర్స్, అంటే ఒక ఇన్‌పుట్‌నో ఔట్‌పుట్‌నో లాప్‌టాప్ నుంచి బలవంతంగా ఆన్ లేదా ఆఫ్‌గా పెట్టడం. నన్నడిగితే మొదటి సీజన్‌లో ఆ మెనూ జోలికే పోవద్దంటాను. జీరో స్పీడ్ స్విచ్ (బెల్టు తిరగడం ఆగిందేమో కనిపెట్టేది) పాడై బెల్టు ట్రిప్ అవుతోందనుకోండి, "ఏం కాదులే, ఫోర్స్ చేసి నడిపించు" అని పక్కనుంచి ఒత్తిడి వస్తుంది. ఫోర్స్ పెడితే ఫీల్డులో ఏం జరిగినా పీఎల్‌సీ మీరు చెప్పిందే నిజమనుకుంటుంది. బెల్టు జారి డ్రమ్ము కింద రాపిడికి పొగ వచ్చినా దానికి తెలియదు. పైగా చాలా పీఎల్‌సీల్లో లాప్‌టాప్ పీకేసినా ఫోర్స్ అలాగే ఉండిపోతుంది. తప్పనిసరైతే షిఫ్ట్ ఇంచార్జి చేత లాగ్‌బుక్కులో రాయించి, ఏ అడ్రసు, ఎవరు పెట్టారు, ఎప్పుడు తీయాలి అన్నీ ఉండేలా చూసుకోండి.

డౌన్‌లోడ్, అప్‌లోడ్ అనే మాటలు సెల్‌ఫోన్‌కు అలవాటైన బుర్రను తికమక పెడతాయి. పీఎల్‌సీల వాడుకలో డౌన్‌లోడ్ అంటే లాప్‌టాప్‌లోది పీఎల్‌సీలోకి పోవడం. తొందరలో అది నొక్కితే పాత ప్రోగ్రామ్ పోతుంది, కొన్ని మార్పులకు సీపీయూ (పీఎల్‌సీ మెదడు) ప్రోగ్రామ్ నడపడం ఆపేసి స్టాప్‌లోకి కూడా వెళ్తుంది. షట్‌డౌన్‌లో అయితే పరవాలేదనిపించవచ్చు. కిల్న్ ఇంకా వేడిగా ఉండి చిన్న డ్రైవ్ మీద మెల్లగా తిప్పుతున్న రోజుల్లో మాత్రం అలా ఆగిందంటే షెల్ వంగిపోయే ప్రమాదముంది. కాబట్టి ముందు అప్‌లోడ్ (పీఎల్‌సీలోది లాప్‌టాప్‌లోకి తీసుకోవడం), తారీకు వేసి రెండు చోట్ల దాచుకోవడం, ఆ తర్వాతే ఏదైనా. సీమెన్స్ పాత ఎస్7-300 పీఎల్‌సీ నుంచి అప్‌లోడ్ చేస్తే సింబళ్లు (అడ్రసులకు పెట్టిన పేర్లు), కామెంట్లు రావు. అసలు ప్రాజెక్టు ఫైల్ ఎవరి దగ్గరుందో షట్‌డౌన్‌కు ముందే వాకబు చేయండి. పాత పీఎల్‌సీల్లో ప్రోగ్రామ్ నిలిపి ఉంచే బ్యాటరీ ఉంటే, దాన్ని మాన్యువల్లో చెప్పినట్టు, మామూలుగా పవర్ ఆన్‌లో ఉండగానే మార్చాలి.

ప్యానెల్ మెయిన్ ఆపేశాం కదా అని చెయ్యి పెట్టకండి. వేరే ఫీడర్ నుంచి వచ్చిన 230 వోల్టుల కంట్రోల్ తీగలు అదే టెర్మినల్ స్ట్రిప్ మీద ఉంటాయి, పీఎల్‌సీ 24 వోల్టుల పక్కనే. మెయిన్‌కు లాక్, ట్యాగ్ వేశాక కూడా మీటర్‌తో చూడాలి. మీటర్ క్యాట్ 3 రేటింగ్ (ప్యానెళ్ల కరెంటు తాకిడికి తట్టుకునే భద్రతా స్థాయి) ఉన్నది కావాలి, సెల్‌ఫోన్ రిపేరు షాపులో వాడేది పనికిరాదు. ఉంగరం, గడియారం తీసెయ్యండి. ఐసోలేషన్ లేని కేబుల్‌తో కనెక్ట్ అయ్యేటప్పుడు లాప్‌టాప్‌ను చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపితే గ్రౌండ్ తేడాకు పోర్టు పోకుండా ఉంటుంది.

ప్రోగ్రామ్ విషయంలో ఒక్క సంగతి: పీఎల్‌సీ ఇన్‌పుట్లు ఒకసారి చదివి, పైనుంచి కిందికి లాజిక్ నడిపి, చివర్న ఔట్‌పుట్లు రాస్తుంది. ఒకే కాయిల్‌ను (ల్యాడర్‌లో ఔట్‌పుట్ గుర్తు) రెండు చోట్ల వాడితే కింద ఉన్నదే గెలుస్తుంది. రిలే వైరింగ్‌లా అన్నీ ఒకేసారి పని చేస్తాయనుకుంటే ఇక్కడే గంటలు పోతాయి.

ట్రయల్ రోజు ముందు మోటార్ కప్లింగ్ విప్పి, ఒట్టి మోటార్ తిప్పి చూడండి. హూటర్ మోగాక లైన్ వెంట ఒకర్ని నడిపించి, పుల్ కార్డ్ ప్రతిదీ ఒక్కసారైనా లాగించండి. ఫోర్స్ లిస్టు ఖాళీగా ఉందని తెరిచి చూసి, నడుస్తున్న ప్రోగ్రామును మళ్లీ అప్‌లోడ్ చేసి కొత్త తారీకుతో దాచాకే గేటు పాస్ ఇచ్చెయ్యండి.