గేర్లు లేని పెద్ద టూరింగ్ స్కూటర్: ఎంచుకోవడం, నడపడం, కాపాడుకోవడం

క్లచ్ పట్టనక్కర్లేదు, గేరు మార్చనక్కర్లేదు, థ్రాటిల్ తిప్పితే చాలు బండి కదులుతుంది, ఇక ఇందులో నేర్చుకోవడానికి ఏముంది అన్న మాట పెద్ద ఆటోమేటిక్ స్కూటర్ల గురించి తరచుగా వినిపిస్తుంది. ఏళ్ల తరబడి ఇలాంటి బండినే నడుపుతున్నవాడిగా ఆ మాటతో నేను ఏకీభవించలేను. మోటార్‌సైకిల్ మీద ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనులు ఇక్కడ పోలేదు. అవి కుడి మణికట్టు మీదికీ, ఎడమ చేతి కింద ఉండే వెనుక బ్రేకు మీదికీ వచ్చి చేరాయి. ఈ రెండింటినీ కలిపి వాడడం వంటబట్టిన రోజున బండి ఎంత బరువున్నా మాట వింటుంది. అంతవరకూ ట్రాఫిక్‌లోనూ, ఇరుకు మలుపుల్లోనూ, దిగుడు రోడ్ల మీదా అది మొండికేస్తూనే ఉంటుంది.

వీటిని మ్యాక్సీ స్కూటర్లు అంటారు. సుజుకి బర్గ్‌మన్ 1998లో వచ్చి ఈ తరగతికి ఒక రూపం ఇచ్చింది. 2001లో యమహా టీమ్యాక్స్ 499 సీసీ రెండు సిలిండర్ల ఇంజన్‌తో వచ్చి, స్కూటర్ కూడా మలుపుల్లో మోటార్‌సైకిల్‌లా ఒరిగి నిలబడగలదని చూపించింది. దాని రహస్యం ఇంజన్ శక్తిలో కన్నా దాన్ని అమర్చిన తీరులో ఉంది. మామూలు స్కూటర్లలో ఇంజనూ, బెల్ట్ పెట్టే, వెనుక చక్రమూ ఒకే ముక్కగా ఉండి, గుంత వచ్చినప్పుడల్లా ఆ బరువంతా చక్రంతో పాటు పైకీ కిందికీ ఊగుతుంది. టీమ్యాక్స్‌లో ఇంజన్‌ను ఫ్రేముకు బిగించి, వెనుక చక్రానికి విడిగా స్వింగ్‌ఆర్మ్, అంటే చక్రాన్ని పట్టి పైకీ కిందికీ ఊగే చేయి, ఇచ్చారు. అందువల్ల చక్రం తేలికపడి రోడ్డును వదలకుండా పట్టుకుంటుంది. స్పోర్టీ అన్న మాట ప్రకటనల్లో ఎక్కడైనా కనిపిస్తుంది కానీ, కొనబోయే బండిలో ఇంజన్ ఎక్కడ బిగించారో చూస్తే ఆ మాటలో నిజమెంతో చాలావరకు తేలిపోతుంది.

ఆటోమేటిక్ అన్నంత మాత్రాన అన్నింటి లోపలా ఒకే యంత్రాంగం ఉండదు. ఎక్కువ బండ్లలో ఉండేది సీవీటీ, అంటే ఒక బెల్టూ, ఇంజన్‌కూ చక్రానికీ మధ్య వేగాల నిష్పత్తిని గేర్లు లేకుండా మెల్లగా మార్చే వేరియేటర్ అనే కప్పీ. బర్గ్‌మన్ 650లో ఆ నిష్పత్తిని ఎలక్ట్రిక్ మోటారు మారుస్తుంది. హోండా ఫోర్జా 750, ఎక్స్-ఏడీవీ లాంటి వాటిలో బెల్ట్ ఊసే లేదు. అక్కడ ఉన్నది నిజమైన ఆరు గేర్ల పెట్టే, వాటిని తనంతట తానే మార్చే రెండు క్లచ్‌లు. ఈ వ్యాసంలో నేను ప్రధానంగా చెప్పేది సీవీటీ బండ్ల గురించి, ఎందుకంటే వాటి స్వభావమే కొత్తవారికి అలవాటు కావడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది.

ఎంచుకునేటప్పుడు అందరూ సీటు ఎత్తు అంకెను చూస్తారు, కానీ స్కూటర్ సీటు వెడల్పుగా ఉండి తొడలను పక్కలకు తోసేస్తుంది కాబట్టి అంకె తక్కువగా ఉన్నా పాదాలు పూర్తిగా ఆనకపోవచ్చు. కూర్చుని రెండు కాళ్లూ కింద పెట్టి, బండిని కాస్త అటూ ఇటూ వంచి చూడాలి. తర్వాత దిగి, ఇంజన్ ఆపి, బండిని వెనక్కి పదడుగులు తొయ్యాలి, సెంటర్ స్టాండ్ మీదికి ఎక్కించాలి. ఈ తరగతిలో బండ్లు 200 కిలోలకు అటూ ఇటూ మొదలై, బర్గ్‌మన్ 650 లాంటివి 270 కిలోలు దాటుతాయి. రోడ్డెక్కాక తెలియని ఆ బరువు బండిని నిలిపే చోటే తెలుస్తుంది. సెంటర్ స్టాండ్‌కు చేతి బలం పనికిరాదు. స్టాండ్ రెండు పాదాలూ నేలను సమంగా తాకేలా చూసుకుని, దాని మీటపై శరీరం బరువంతా నిలువుగా మోపి, చేతులతో బండిని ఎత్తకుండా కేవలం దారి చూపితే, అది తనంతట తానే వెనక్కి ఎక్కి కూర్చుంటుంది.

వాడిన బండి కొనేటట్టయితే మూడు విషయాల మీద నేను పట్టుబడతాను. మొదటిది బెల్ట్ ఎప్పుడు మార్చారన్న లిఖిత ఆధారం. రెండోది చల్లని ఇంజన్‌తో మెల్లగా కదిలించినప్పుడు బండి వణుకుతోందా అన్నది; ఆ వణుకు సాధారణంగా క్లచ్ షూలు (ఇంజన్ వేగం పెరిగితే బయటికి విచ్చుకునే పట్టు ముక్కలు) నున్నబడడం వల్లనో, బెల్ (వాటి చుట్టూ ఉండి చక్రానికి చోదనం అందించే గిన్నె) లోపల దుమ్ము పేరుకోవడం వల్లనో వస్తుంది. మూడోది ముందు చక్రాన్ని గాలిలోకి లేపి హ్యాండిల్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పినప్పుడు సరిగ్గా మధ్యలో ఎక్కడైనా గాడిలో పడ్డట్టు ఆగుతోందా అన్నది. ఆగితే హ్యాండిల్ బేరింగులు అరిగాయన్న మాట. ప్లాస్టిక్ మీద గీతలు, సీటు మీద చిరుగులు ఉంటే బేరమాడుకోవచ్చు కానీ, ఈ మూడింటినీ తేలికగా తీసుకోకూడదు.

ఇక నడపడం. సీవీటీ బండిలో ఇంజన్ వేగం కొంత పెరిగేదాకా క్లచ్ షూలు విచ్చుకుని బెల్‌ను పట్టవు. పట్టే ఆ క్షణాన్ని చెవితో, నడుముతో గుర్తించడమే మొదటి పాఠం. ఖాళీ స్థలంలో ఇంజన్ వేడెక్కాక, వెనుక బ్రేకును సున్నితంగా పట్టి ఉంచి థ్రాటిల్‌ను వెంట్రుకవాసిగా తెరవండి. శబ్దం కొద్దిగా బరువెక్కి, బండి వెనుక భాగం ఒక్కసారి కిందికి నొక్కుకున్నట్టు అనిపించే చోటే ఆ పట్టు. అక్కడ థ్రాటిల్‌ను కదలనివ్వకుండా నిలిపి, వేగాన్ని కేవలం వెనుక బ్రేకుతో పెంచుతూ తగ్గిస్తూ నడక వేగంలో పది నిమిషాలు తిరగండి. బ్రేకును వదులు చేస్తే బండి ముందుకు సాగుతుంది, బిగిస్తే నెమ్మదిస్తుంది, క్లచ్ మాత్రం వీడదు. మోటార్‌సైకిల్ నడిపేవారు సగం క్లచ్ పట్టి చేసే పని ఇదే. అయితే ఇలా ఎక్కువసేపు లాగితే క్లచ్ వేడెక్కుతుంది కాబట్టి, ట్రాఫిక్‌లో దీన్ని అవసరమైన కొద్ది క్షణాలకే పరిమితం చేయాలి.

యూ టర్న్‌లో కొత్తవారు బండి పడేసుకోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: భయపడి మలుపు మధ్యలో థ్రాటిల్ పూర్తిగా మూసేస్తారు, క్లచ్ వీడిపోతుంది, చక్రానికి చోదనం ఆగిపోయి బండి లోపలివైపుకు కూలబడుతుంది. దానికి తోడు ముందు బ్రేకు పట్టుకుంటే పడిపోవడం ఖాయం. మలుపులోకి దిగే ముందే థ్రాటిల్ నిలిపి, వెనుక బ్రేకును కొద్దిగా లాగి ఉంచి, చూపును ముందు చక్రం మీద కాకుండా బయటికి వెళ్లాల్సిన చోటు మీద పెట్టండి. ఈ బండ్ల చక్రాల మధ్య దూరం ఎక్కువ కాబట్టి మలుపు కూడా వెడల్పుగానే పడుతుంది. రోడ్డు చాలదనిపిస్తే కాళ్లు దించి వెనక్కి తోసుకోవడంలో తప్పేమీ లేదు.

దిగుడు రోడ్ల గురించి మరింత వివరంగా చెప్పాలి, ఎందుకంటే నన్ను నిజంగా భయపెట్టింది అదే. కొత్తలో ఒక నిటారు ఘాట్ మీద థ్రాటిల్ మూసి, బ్రేకులతో బాగా నెమ్మదించి, ముందున్న లారీ వెనుక దాదాపు ఆగినంత పని చేశాను. లారీ కదలగానే బ్రేకు వదిలాను. బండి తటస్థంలో ఉన్నట్టు నిశ్శబ్దంగా జారుతూ క్షణక్షణానికీ వేగం అందుకుంది, ఇంజన్ మాత్రం ఏమీ పట్టనట్టు ఐడిల్‌లో నడుస్తూనే ఉంది. జరిగింది ఏమిటో తర్వాత అర్థమైంది. క్లచ్ షూలను తిప్పేది ఇంజన్, బెల్‌ను తిప్పేది చక్రం. ఒకసారి ఇంజన్ వేగం పడిపోయి షూలు ముడుచుకున్నాక, చక్రం ఎంత వేగంగా తిరిగినా బెల్ ఒక్కటే తిరుగుతుంది తప్ప షూలు వాటంతట అవి మళ్లీ పట్టవు. ఇందుకు మందు వినడానికి విపరీతంగా ఉంటుంది: దిగుడులో బండి కాస్త వేగం అందుకోగానే థ్రాటిల్‌ను ఒక్క క్షణం కొద్దిగా తెరిచి, క్లచ్ పట్టిన అనుభూతి రాగానే మూసేయాలి. వెంటనే ఇంజన్ బ్రేకింగ్ తిరిగి వచ్చి బండిని వెనక్కి పట్టుకుంటుంది. అక్కడి నుంచి క్లచ్ వీడిపోయే వేగానికి దిగకుండా చూసుకుంటూ, రెండు బ్రేకులనూ ఎడతెగకుండా పట్టి ఉంచకుండా, మలుపుకు ముందు గట్టిగా వేసి మధ్యలో వదులుతూ దిగితే డిస్కులకు చల్లబడే సమయం దొరుకుతుంది.

మలుపుల్లో ఈ బండి నిజంగా ఆనందం ఇస్తుంది. పెట్రోలు ట్యాంకు సాధారణంగా కాళ్ల మధ్యో, పాదాల దగ్గరో కింద ఉండడం వల్ల బరువు నేలకు దగ్గరగా ఉంటుంది, ఒరగడం తేలికగా ఉంటుంది. అయితే మోకాళ్లతో బిగించి పట్టుకోవడానికి ట్యాంకు లేదు కాబట్టి, ఆ పట్టును పాదాలతో ఫుట్‌బోర్డును నొక్కడం ద్వారా, నడుమును సీటు వెనుక ఆనింపుకు చేర్చడం ద్వారా తెచ్చుకోవాలి. లేకపోతే బ్రేకు వేసిన ప్రతిసారీ శరీరం బరువు చేతుల మీద పడి హ్యాండిల్ బిగుసుకుంటుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపంతా థ్రాటిల్‌ను సన్నగా తెరిచే ఉంచితే బెల్ట్ బిగువుగా ఉండి బండి గీత తప్పదు. చక్రాలు చిన్నవన్నది మాత్రం మరవకూడదు. మోటార్‌సైకిళ్లలో 17 అంగుళాల చక్రాలు మామూలైతే, వీటిలో 13 నుంచి 15 అంగుళాలవే ఎక్కువ. మోటార్‌సైకిల్ చక్రం దాటేసే గుంతలో ఇవి దిగబడతాయి. అందుచేత ఒకే వేగంలోనైనా స్కూటర్ మీద ఉన్నవారు రోడ్డును మరింత ముందుగా చదువుకుంటూ పోవాలి.

సామాను విషయంలో నియమం సులువు: బరువైనవి సీటు కింద, తేలికైనవి టాప్ బాక్సులో. టాప్ బాక్సు వెనుక ఇరుసుకు అవతల, ఎత్తులో వేలాడుతుంది. దానిలో నీళ్ల సీసాలు, పనిముట్లు నింపితే ముందు చక్రం తేలికపడి, వేగంలో హ్యాండిల్ వణకడం మొదలవుతుంది. పరిమితి ఎంతో మూత లోపలి స్టిక్కరు మీద ఉంటుంది. మందులు, చాక్లెట్ల వంటివి సీటు కింద పెట్టవద్దు. ఇంజన్ వేడి అక్కడికి చేరుతుంది. వెనుక మనిషి కూర్చునే ప్రయాణమైతే బయలుదేరే ముందే వెనుక స్ప్రింగును బిగించి, టైరు గాలిని కంపెనీ సూచించిన అంకెకు పెంచాలి. గాలిని ఎప్పుడూ బండి నడవక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

ఇంత దూరప్రయాణాలకు నేను ఈ రకం బండినే ఎంచుకోవడానికి కారణం కాళ్లను చాపుకోగలగడమే. గంటకోసారి పాదాల స్థానం మార్చితే నడుము నొప్పి చాలావరకు దరిచేరదు. విండ్‌షీల్డ్ అంచు మీదుగా చూపు సాగాలి తప్ప దాని గుండా కాదు. వానలో, రాత్రిపూట ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. హెల్మెట్ చుట్టూ గాలి డప్పు కొడుతుంటే పొడవైన షీల్డ్ కొనే ముందు ఉన్నదాన్ని ఒక మెట్టు దించి చూడండి. చాలాసార్లు ఆ గోల దాంతోనే ఆగిపోతుంది.

సంరక్షణలో అన్నిటికన్నా ముఖ్యమైనది బెల్ట్. పెద్ద బండ్లలో చాలావరకు 20,000 కిలోమీటర్ల చుట్టుపక్కల మార్చమంటారు; మీ బండికి వర్తించే అంకె మాత్రం దాని మాన్యువల్‌లో ఉన్నదే. మొదటిసారి మార్చేటప్పుడు మెకానిక్ పక్కన నిలబడి చూడమని నా మనవి. కవరు ఊడదీయగానే లోపలంతా మెత్తటి నల్ల పొడి కనిపిస్తుంది; అదంతా బెల్ట్ నుంచి, క్లచ్ నుంచి రాలినదే. పాత బెల్ట్‌ను చేతిలోకి తీసుకుని లోపలి పళ్లు పైకి వచ్చేలా వెనక్కి వంచితే, పళ్ల మొదట్లో వెంట్రుకల్లాంటి పగుళ్లు తెరుచుకుంటాయి. కొత్తదాని పక్కన పెడితే వెడల్పులో తేడా కంటికే తెలుస్తుంది. వేరియేటర్‌లోని రోలర్లను అరచేతిలో దొర్లించి చూడండి: గుండ్రంగా ఉండవలసినవి ఒక పక్క చదునై తడబడుతూ ఆగితే, పికప్ మందగించడానికి, ఇంజన్ ఒకే చోట గుంజుకోవడానికి కారణం అక్కడే దొరికినట్టు. తక్కువ బరువు రోలర్లు వేస్తే ఇంజన్ ఎక్కువ చుట్లలో తిరిగి చురుకుతనం వస్తుందన్నది నిజమే కానీ, దూరప్రయాణాల బండికి ఆ మార్పు నేను చేయను. అదే వేగంలో ఎక్కువ శబ్దాన్నీ, ఎక్కువ పెట్రోలు ఖర్చునూ రోజంతా భరించాల్సి వస్తుంది. ఆ భాగాల మీద ఒక్క చుక్క నూనె గానీ గ్రీజు గానీ పడినా బెల్ట్ జారుతుంది, కాబట్టి శుభ్రమైన చేతులతోనే తాకాలి.

ఇంజన్ ఆయిల్ మార్చడం ఎవరూ మరవరు. వెనుక చక్రం దగ్గర ఉండే, మార్చనక్కర్లేని గేర్ల పెట్టెలోని ఆయిల్‌ను మాత్రం చాలామంది మరుస్తారు. చిన్న మోతాదే అయినా దానికీ గడువుంది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి. బెల్ట్ పెట్టెకు చల్లటి గాలిని పంపే ఫిల్టరు ఉన్న బండ్లలో దాన్ని దులపడం అయిదు నిమిషాల పని. ఆ గాలి అందకపోతే లోపల వేడి పెరిగి బెల్ట్ ఆయుష్షు తగ్గుతుంది.

ఈ బండ్లకు కిక్ ఉండదు, తోసి స్టార్ట్ చేద్దామన్నా చక్రానికీ ఇంజన్‌కూ మధ్య క్లచ్ అడ్డుపడుతుంది. బ్యాటరీ పడిపోతే బయటి నుంచి మరో బ్యాటరీ సాయం తప్ప దారి దాదాపు లేదు. నెల రోజులు కదిలించని పరిస్థితి ఉంటే సెంటర్ స్టాండ్ మీద నిలిపి, బ్యాటరీని నిండుగా ఉంచే నిర్వహణ ఛార్జరు తగిలించి ఉంచండి, లేదా బ్యాటరీ తీగ ఒకటి ఊడదీయండి. వాలులో నిలిపేటప్పుడు గేరులో వేసి వదిలే సౌకర్యం ఇక్కడ లేదు కాబట్టి, పార్కింగ్ బ్రేకు లాగి, బండిని మెల్లగా కదిపి చూసి, అది పట్టిందని తేలాకే చేతులు తీయాలి.