కుమానో కోడో: పెద్దలు, పిల్లలతో కలిసి మూడు షింటో క్షేత్రాలను దర్శించే విధానం

జపాన్‌లో ఒసాకా, నారా నగరాలకు దక్షిణంగా సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండ ప్రాంతం కీ ద్వీపకల్పం. అక్కడి హొంగూ, హయాతామా, నాచి అనే మూడు షింటో (జపాన్ సంప్రదాయ మతం) ఆలయాలను కలిపి కుమానో సాన్‌జాన్ అని, వాటిని చేరుకునే పాత కాలిబాటలన్నిటినీ కలిపి కుమానో కోడో అని పిలుస్తారు. సింహాసనం వదిలిన చక్రవర్తులు క్యోటో నుంచి పరివారంతో ఈ కొండలు దాటి వచ్చేవారు. వారిలో గోషిరకావా ఒక్కరే ముప్పైకి పైగా యాత్రలు చేశారు. తరువాతి కాలంలో సామాన్యులు ఎంత పెద్ద సంఖ్యలో వచ్చారంటే, కుమానో యాత్రను చీమల బారుతో పోల్చే నానుడి జపాన్‌లో పుట్టింది. ఈ దారులను, ఆలయాలను యునెస్కో 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కుటుంబంతో వెళ్లేవారు దారి మొత్తం నడవాలన్న పట్టుదలను ముందే వదులుకోవడం మంచిది. ఎక్కువమంది ఎంచుకునే నకాహేచి మార్గంలో తకిజిరి నుంచి హొంగూ వరకు సుమారు 38 కిలోమీటర్ల నడక ఉంటుంది, అందులో ఎక్కుదిగుళ్లు చాలా ఎక్కువ. ఇది అలిపిరి మెట్ల దారి వంటిది కాదు. పైకప్పు, దీపాలు, అడుగడుగునా టీ దుకాణాలు ఇక్కడ ఉండవు. కొన్నిచోట్ల మెట్లకు బదులు దేవదారు చెట్ల వేర్లే ఉంటాయి. అందువల్ల మీలో అందరికంటే బలహీనమైన మోకాళ్లు ఎవరివో చూసుకుని, వారు నడవగలిగిన దూరాన్నే ప్రణాళికకు కొలతగా తీసుకోవాలి. మిగిలిన దూరాన్ని బస్సుకు వదిలేయాలి. అలా చేసినా మూడు క్షేత్రాల దర్శనానికి ఏ లోటూ రాదు.

రాకపోకలు, బస

ఒసాకాలోని షిన్-ఒసాకా లేదా తెన్నోజీ స్టేషన్‌లో కురోషియో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు గంటలకు కాస్త అటూ ఇటూగా కీ-తనాబే చేరుకుంటారు. అక్కడి నుంచి హొంగూకు బస్సులో సుమారు రెండు గంటలు పడుతుంది. హొంగూ పరిసరాల్లో రెండు రాత్రులు, ఆ తరువాత సముద్రతీరాన ఉన్న కీ-కట్సుఉరాలో ఒకటి లేదా రెండు రాత్రులు ఉండేలా చూసుకుంటే పిల్లలు, పెద్దలు అలసిపోరు. రోజుకో కొత్త బసకు మారడం యువకులకు సరదాగా ఉండవచ్చు గానీ, డెబ్బై ఏళ్ల అమ్మమ్మకు అది నడక కంటే పెద్ద శ్రమ.

ఈ ప్రాంతంలో యాత్రను నడిపించేది బస్సుల వేళాపట్టిక. చాలా మార్గాల్లో రోజుకు కొద్ది బస్సులే ఉంటాయి, సెలవు రోజుల్లో వేళలు మారుతాయి. తనాబే నగర కుమానో పర్యాటక విభాగం ఇంగ్లీషులో ప్రచురించే వేళాపట్టికను ముందుగా చూసుకుని, ప్రతిరోజూ చివరి బస్సు ఎప్పుడో కాగితం మీద రాసుకున్న తరువాతే మిగతా కార్యక్రమం నిర్ణయించుకోవాలి. బస్సు ఎక్కగానే తలుపు దగ్గరి చిన్న యంత్రం నుంచి అంకె వేసిన చీటీ తీసుకోవాలి. దిగే ముందు డ్రైవరు పైనున్న పలకపై ఆ అంకె కింద కనిపించే ఛార్జీని చీటీతో సహా పెట్టెలో వేయాలి. వెయ్యి యెన్ల నోటుకు ఆ పెట్టె దగ్గరే చిల్లర దొరుకుతుంది, అంతకంటే పెద్ద నోటు ఇస్తే ఇబ్బంది తప్పదు. ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకు సగం ఛార్జీ. కొండ గ్రామాల్లో అన్నిచోట్లా కార్డులు చెల్లవు కాబట్టి నగదు దగ్గర ఉంచుకోవాలి.

పెద్ద సూట్‌కేసులను ఈ బస్సుల్లోకి ఎక్కించే ప్రయత్నం చేయవద్దు. వాటిని ఒసాకాలోని హోటల్‌లో వదిలి, ఒక్కొక్కరు ఒక్కో వీపు సంచితో రావడం ఉత్తమం. బస నుంచి బసకు సామాను చేరవేసే సేవలు ఉన్నాయి, వాటిని కూడా ముందుగా బుక్ చేసుకోవాలి. చిన్నపిల్లల తోపుడు బండి కొండదారిలో ఏ మాత్రం పనికిరాదు, వీపున మోసే క్యారియర్ తీసుకెళ్లాలి.

వసంతం, శరదృతువు అనుకూలమైన కాలాలు. వసతి గృహాలు చిన్నవి, గదులు తక్కువ కనుక ఆ నెలలకు చాలా ముందుగానే గదులు నిండిపోతాయి. జూన్, జులైలలో ముసురు, ఆగస్టు, సెప్టెంబరులలో తుఫానులు ఉంటాయి. 2011 సెప్టెంబరు తుఫానులో ఈ లోయలకు తీవ్ర నష్టం జరిగింది. జపాన్‌లో అత్యధికంగా వర్షం కురిసే ప్రాంతాలలో ఇదొకటి కనుక ఏ నెలలో వెళ్లినా వానకోటు, జారని అడుగున్న బూట్లు తప్పనిసరి.

శాకాహారుల భోజనం

మాంసం వద్దని చెబితే సరిపోతుందనుకోవడం పొరపాటు. కూరలో, పులుసులో, చివరికి ఉడికించిన ఆకుకూరలో కూడా ఎండు చేపల రసం కలుస్తుంది. అందువల్ల గది బుక్ చేసేటప్పుడే మాంసం, చేప, చేపల రసం మూడూ వద్దని విడివిడిగా రాయాలి. అక్కడికి చేరిన తరువాత చెబితే, రాత్రి భోజనం ఆరు గంటలకే వడ్డించే ఆ చిన్న ఇళ్లలో వారు చేయగలిగింది ఏమీ ఉండదు. నడకలో తినడానికి సముద్రపు నాచు లేదా ఉమెబోషి పెట్టిన అన్నపు ఉండలు అంగళ్లలో దొరుకుతాయి. ఉప్పులో ఊరవేసి ఎండబెట్టిన ఈ ఉమె కాయలకు తనాబే పరిసరాలు పేరు మోసినవి. వాటి పులుపు మన నాలుకకు వెంటనే నచ్చుతుంది. పులిహోర పొడి, కంది పొడి వెంట ఉంటే పెద్దలకు ధైర్యం. అయితే తాజా కరివేపాకు, పండ్లు, మాంసంతో చేసిన పదార్థాలకు విమానాశ్రయంలో కఠినమైన నిబంధనలు ఉన్నాయి కనుక వాటిని ఇంట్లోనే వదలాలి.

హొంగూ దగ్గరి యునొమినే అనే వేడినీటి బుగ్గల గ్రామంలో బస చేస్తే ఇంకో సౌకర్యం ఉంది. ఊరి మధ్య వాగు పక్కన, మరిగే బుగ్గ చుట్టూ గట్టు కట్టి, వంటకు వదిలారు. పక్క దుకాణంలో వల సంచిలో గుడ్లు గానీ చిలగడదుంపలు గానీ కొని, సంచి తాడును కొక్కేనికి తగిలించి నీటిలోకి దించాలి. గుడ్డుకు పన్నెండు నిమిషాలు చాలు, దుంపకు ఇంకాస్త ఎక్కువ పడుతుంది. అదే వాగు అంచున ఉన్న చిన్న చెక్క గదిలోని త్సుబోయు అనే స్నానపు గుంట కూడా వారసత్వ జాబితాలో భాగమే. దాన్ని ఒక్కో బృందానికి అరగంట చొప్పున ఇస్తారు. అపరిచితుల మధ్య వివస్త్రులై స్నానం చేయడానికి సంకోచించే మన కుటుంబాలకు ఇది అనువైన ఏర్పాటు.

హొంగూకు నడక

కుటుంబానికి నేను సూచించే నడక హొషిన్‌మోన్-ఓజీ అనే ఉపాలయం నుంచి హొంగూ తైషా (మహాలయం) వరకు ఉన్న సుమారు ఏడు కిలోమీటర్లు. దారిలో ఎక్కువ భాగం దిగుడే. పిల్లలతో ఆగుతూ నడిస్తే మూడు, నాలుగు గంటలు కేటాయించుకోవాలి. హొంగూ నుంచి ఉదయపు బస్సులో పైకి వెళ్లి, నడుచుకుంటూ దిగి రావాలి. దారి పొడవునా ప్రతి 500 మీటర్లకు అంకె వేసిన రాయి కనిపిస్తుంది. తప్పుదారి చీలే చోట ‘ఇది కుమానో కోడో కాదు’ అనే పలక ఉంటుంది. ఓజీ అనే ఉపాలయాల దగ్గర చిన్న చెక్క పెట్టెల్లో ముద్రలు ఉంటాయి. ఉచితంగా దొరికే ముద్రల పుస్తకం పిల్లల చేతికిస్తే, తరువాతి ముద్ర కోసం వారే మనకంటే ముందు నడుస్తారు. మొదటి భాగంలో టీ తోటలు, కాపలా లేని చిన్న అంగళ్లు వస్తాయి. అక్కడ ఉమెబోషి పొట్లం తీసుకుని, ధర ఎంతో చూసి డబ్బాలో నాణేలు వేసి సాగిపోవాలి.

సగం దూరం దాటిన తరువాత వచ్చే ఫుషిఒగామి-ఓజీ దగ్గర కాసేపు కూర్చోవాలి. నడిచి వచ్చిన యాత్రికులకు హొంగూ మొదటిసారి కనిపించేది ఇక్కడే, కనిపించగానే సాష్టాంగపడేవారు. ఇజుమి షికిబు అనే ప్రాచీన కవయిత్రి ఇక్కడికి చేరేసరికి బహిష్టు అయిందని, దర్శనానికి పనికిరానని దుఃఖిస్తూ పద్యం చెప్పిందని, ఆ రాత్రి కుమానో దేవుడు కలలో కనిపించి రమ్మన్నాడని ఐతిహ్యం. స్త్రీలు, రోగులు, ఏ కులంవారైనా రావచ్చన్నది కుమానోకు మొదటి నుంచీ ఉన్న పేరు. మన కుటుంబాల్లో ఆ ప్రశ్న తప్పక వస్తుంది కనుక ఈ సంగతి ముందే తెలిసి ఉంటే తేదీల గురించి ఆందోళన ఉండదు.

చివరన హరాయిదో-ఓజీ దాటి, ఆలయంలోకి వెనుకవైపు నుంచి ప్రవేశిస్తారు. నడవలేనివారు బస్సు దిగి, ముందువైపు 158 మెట్లు ఎక్కి అక్కడికే రావచ్చు. దర్శనం తరువాత కిందికి దిగి ఓయునోహరా అనే నదీతీర స్థలానికి కూడా వెళ్లాలి. ఆలయం 1889 వరదలో కొట్టుకుపోయే వరకు అక్కడే ఉండేది. మిగిలిన భాగాలను 1891లో కొండపైకి తరలించారు. ఇప్పుడు అక్కడ సుమారు 34 మీటర్ల ఎత్తున్న టోరీ అనే ఆలయ ప్రవేశ ద్వారం వరిచేల మధ్య నిలబడి ఉంటుంది. నాకైతే పై ఆలయం కంటే ఆ ఖాళీ పచ్చిక బయలే గంభీరంగా తోచింది.

దర్శన పద్ధతి

టోరీ ముందు ఒకసారి తల వంచి, దారి మధ్యలో కాక పక్కగా నడవాలి, మధ్యభాగం దేవుడిది. నీటి తొట్టి వద్ద గరిటెతో ముందు ఎడమ చేయి, తరువాత కుడి చేయి కడుక్కోవాలి. ఎడమ అరచేతిలోకి నీరు తీసుకుని నోరు పుక్కిలించి పక్కన ఉమ్మివేయాలి. గరిటెకు నోరు తగలనివ్వకూడదు. దేవుడి ముందు పెట్టెలో నాణెం వేసి, రెండుసార్లు వంగి నమస్కరించి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మొక్కుకుని, మరోసారి వంగాలి. హొంగూలో దేవతల మందిరాలు వరుసగా ఉంటాయి, ఏది ముందో అక్కడి పలక చూపిస్తుంది. చెప్పులు విప్పనక్కరలేదు. కొబ్బరికాయ కొట్టడం, కర్పూరం వెలిగించడం, చెట్టుకో రాయికో కుంకుమ పెట్టడం ఇక్కడ చేయకూడదని పెద్దలకు బయలుదేరే ముందే మెల్లగా చెప్పాలి. మందిరాల లోపలి భాగాన్ని ఫొటో తీయకూడదు.

మూడు ఆలయాలలోనూ కాకుల బొమ్మలతో అక్షరాలు కూర్చిన రక్షా పత్రం ఇస్తారు. హొంగూ పత్రంలో 88, నాచిలో 72, హయాతామాలో 48 కాకులు ఉంటాయి. పిల్లలచేత లెక్కించి చూడండి. ఆ మూడు కాళ్ల కాకి ఇక్కడి దైవదూత, జపాన్ ఫుట్‌బాల్ సంఘం చిహ్నంలో కనిపించేదీ అదే.

షింగూ, నాచి

హొంగూ నుంచి బస్సులో గంటకు పైగా ప్రయాణిస్తే షింగూ వస్తుంది. హయాతామా తైషా ఆ పట్టణంలోనే, చదును నేల మీద ఉంది కనుక పెద్దలకు అన్నిటికంటే సులభమైన దర్శనం ఇదే. దగ్గర్లోని కమికురా ఆలయానికి మాత్రం 538 మెట్లున్నాయి. అవి నిటారుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. అక్కడికి యువకులు మాత్రమే, వాన లేని రోజున వెళ్లాలి.

నాచికి కీ-కట్సుఉరా స్టేషన్ నుంచి అరగంట బస్సు ప్రయాణం. నడిచేవారు దైమోన్‌జకా వద్ద దిగి, పెద్ద చెట్ల మధ్య పాత రాతిమెట్ల దారిలో ఎక్కాలి. మిగిలినవారు చివరి స్టాపు వరకు బస్సులోనే వెళ్లాలి. అక్కడి నుంచి కూడా 467 మెట్లున్నాయి కాబట్టి అవి సాధ్యం కానివారికి ఆలయం దగ్గరి వరకు వెళ్లే టోల్ రోడ్డు మీదుగా టాక్సీ మాట్లాడుకోవాలి. నాచి తైషా ఆవరణలోని కర్పూర వృక్షం తొర్రలో కింద దూరి పైన బయటికి రావడం పిల్లలకు ఎంతో ఇష్టం. ఆనుకునే ఉన్న సెయిగాంతో-జీ బౌద్ధాలయం, అక్కడ చప్పట్లు కొట్టకుండా చేతులు జోడిస్తే చాలు. దీన్ని స్థాపించినవాడు సముద్రంలో కొట్టుకు వచ్చిన భారతీయ సన్యాసి అని స్థలపురాణం చెబుతుంది. అవలోకితేశ్వరుడి నివాసమని బౌద్ధ గ్రంథాలు చెప్పే, దక్షిణ భారతంలోని పోతలక పర్వతాన్ని వెతుక్కుంటూ మధ్యయుగపు సన్యాసులు పడవల్లో బయలుదేరింది కూడా ఈ నాచి తీరం నుంచే.

చివరగా 133 మీటర్ల జలపాతం. దాని ఎదుట ఉన్న ఆలయంలో గర్భగుడి లేదు, జలపాతమే దైవం. అక్కడికి మెట్లు దిగి వెళ్లాలి, అంటే తిరిగి ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవారు పై నుంచి, మూడంతస్తుల గోపురం వైపు నుంచే చూసి నమస్కరించవచ్చు. కట్సుఉరా నుంచి ఒసాకాకు కురోషియోలో సుమారు నాలుగు గంటలు. సీట్లు రిజర్వు చేసుకునేటప్పుడు రైలు వెళ్లే దిశకు ఎడమవైపు అడగండి, సముద్రం ఆ పక్కనే ఉంటుంది.