కల్పిత లోకంలోని ఊరిపేర్లు: పుట్టుక కనుక్కోవడం, తెలుగు చేయడం

ఫాంటసీ నవలను అనువదిస్తూ స్థలనామాలను ఎదురైనవి ఎదురైనట్టు తేల్చేస్తూ పోతే మూడో అధ్యాయానికల్లా చిక్కుముడి పడుతుంది. ఒకచోట అర్థం తీసుకుంటాం, ఇంకోచోట ఉచ్చారణ తీసుకుంటాం, చివరికి ఒకే రాజ్యంలో రెండు ఊళ్లు రెండు లోకాలవిగా వినిపిస్తాయి. అందుకే మొదటి వాక్యం తెలుగు చేయకముందే పేర్లన్నీ ఒక షీట్‌లోకి ఎక్కించాలి. పుస్తకంలోని మ్యాప్‌ నుంచి కూడా ఎక్కించాలి. కథలో ఒక్కసారీ రాని పేర్లు మ్యాప్‌లో ఉంటాయి, బొమ్మ గీసేవాళ్లు వాటిని అడుగుతారు.

షీట్‌లో ఈ గడులు చాలు: మూలంలోని పేరు, అది దేని పేరు (ఊరా, వాగా, కనుమా, కోటా), ఆ పేరు పెట్టిన జాతి, ఇప్పుడు అక్కడ ఉంటున్నవాళ్లకు దాని అర్థం తెలుసా లేదా, తెలుగు రూపం, ఆ రూపానికి ‘లో’, ‘కు’ చేరితే ఏమవుతుంది. నాలుగో గడి అన్నిటికన్నా ముఖ్యం. పేరును అనువదించాలా వద్దా అన్నది దాని అర్థం మనకు తెలియడాన్ని బట్టి కాదు, ఆ లోకంలోని మనుషులకు తెలియడాన్ని బట్టి తేలుతుంది. ‘స్టోన్‌బ్రిడ్జ్’ అన్నప్పుడు అక్కడి రైతుకు రాతివంతెన కళ్ల ముందు కనిపిస్తుంది. మన పాఠకుడికీ కనిపించాలి కనుక ‘రాతివంతెన’ అనాల్సిందే. అదే రైతు ఎల్ఫుల (ఫాంటసీ కథల్లో కనిపించే ఒక కల్పిత జాతి) భాషలోని ‘కెల్దరిన్’ను అర్థం తెలియకుండానే పలుకుతుంటే అది కెల్దరిన్‌గానే ఉండాలి. రచయిత అనుబంధంలో ‘వెండికొలను’ అని అర్థం ఇచ్చినా సరే, అనుబంధంలోని సంగతి అనుబంధంలోనే తెలుగు చేయాలి.

జె.ఆర్.ఆర్. టోల్కీన్ తన నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ డచ్చి, స్వీడిష్ అనువాదాల్లో పేర్లకు పట్టిన గతి చూసి అసంతృప్తి చెంది, అనువాదకుల కోసం ప్రత్యేకంగా ఒక మార్గదర్శిని రాసిపెట్టాడు. అది 1975లో అచ్చయింది. దాని సారం ఇదే: ఇంగ్లిష్‌లా కనిపించేవాటిని అర్థాన్ని బట్టి మీ భాషలోకి తెచ్చుకోండి, తక్కినవాటిని కదపకండి. ‘రివెండెల్’ (చీలిన లోయ) జర్మన్‌లో ‘బ్రుఖ్‌టాల్’ అయింది అలాగే.

ఈ రెండు కొసల మధ్యనే అసలు కష్టం. పేర్లు అరిగిపోతాయి, చెవికి తప్పుగా వినిపిస్తాయి, కొత్తగా వచ్చినవాళ్లు పాత పేరుకే మళ్లీ తమ మాట తగిలిస్తారు. బ్రిటన్‌లో కెల్టిక్ భాషవాళ్లు ‘పెన్’ అన్న కొండకు తర్వాతివాళ్లు తమ ‘హిల్’ చేర్చారు. అది కాస్తా ‘పెండిల్’గా అరిగాక ఇంకోసారి ‘హిల్’ చేరింది. ఇప్పుడు ‘పెండిల్ హిల్’ అంటే కొండకొండకొండ. మంచి ఫాంటసీ రచయితలు కావాలనే ఇలాంటివి కల్పిస్తారు. అప్పుడు అరిగిన ముక్కను అలాగే ఉంచి, చివరి ముక్కను మాత్రమే తెలుగు చేయాలి: ‘పెండిల్ కొండ’. మొత్తం అనువదిస్తే కింద ఉన్న పాత జాతి మాయమవుతుంది.

తప్పుగా విన్న పేర్లకు ఇంకాస్త పని పెట్టాలి. ఎల్ఫులు ‘పలన్‌దోర్’ అన్న నదిని పల్లెవాళ్లు తమ మాటల్లోకి లాక్కుని ఏదో నవ్వొచ్చే పేరుతో పిలుస్తున్నారనుకోండి. ఆ నవ్వొచ్చే పేరును అనువదించి లాభం లేదు, ఆ పొరపాటు తెలుగులో మళ్లీ జరగాలి. ముందు ఎల్ఫుల పేరును తెలుగు లిపిలో రాసి, నాలుగైదుసార్లు గబగబా పైకి పలికి, ఏ తెలుగు మాటలోకి జారుతుందో చూడాలి. ‘పలన్‌దోర్’ కాస్తా ‘పాలదొర’ అవుతుంది. మూలంలోని హాస్యంతో అర్థం కలవకపోయినా నష్టం లేదు, రెండు పేర్లూ ఒకదాన్నొకటి గుర్తుచేస్తే చాలు.

ఇక అర్థాన్ని అనువదించే పేర్లలో ఉచ్చులు చాలా ఉన్నాయి. చివరి ముక్కను ఇవాళ్టి ఇంగ్లిష్ నిఘంటువులో వెతకొద్దు, స్థలనామాల నిఘంటువులో చూడాలి. ‘ఫెల్’ అంటే కొండ, ‘మియర్’ సరస్సు, ‘హోల్ట్’ అడవి, ‘డన్’, ‘డాన్’ చాలాచోట్ల గుట్ట. ‘గేట్’ అన్నది కొన్నిచోట్ల ద్వారం, కొన్నిచోట్ల కొండల మధ్య కనుమ, ఉత్తర ఇంగ్లండు పాత పట్టణాల్లోనైతే వీధి. ‘వుల్ఫ్స్‌గేట్’ ఎక్కడుందో మ్యాప్‌లో చూశాకే ‘తోడేళ్ల కనుమ’ అనాలో మరొకటి అనాలో తేల్చాలి. ‘వార్మ్’ పాత పేర్లలో పురుగు కాదు, మహాసర్పం. ‘వార్మ్‌హోల్ట్’ను ‘పురుగులతోపు’ చేస్తే రాక్షస సర్పం ఉన్న అడవి పండ్లతోట స్థాయికి పడిపోతుంది. ‘సర్పవనం’ నయం. ‘నాగవనం’ అనకపోవడమే మంచిది, ‘నాగ’తో పాటు పుట్ట, పూజ కూడా వచ్చేస్తాయి.

చెట్లూ పక్షులూ కూడా ఇంతే. ‘యాష్‌ఫర్డ్’లో యాష్ బూడిదా, చెట్టా? ఏటిగట్టు ఊరైతే చాలావరకు చెట్టే. ఆ చెట్టుకు మనకు వాడుకలో పేరు లేదు. అలాగని ‘వేపరేవు’ అంటే మంచు కురిసే దేశంలో వేపచెట్టు మొలుస్తుంది. ‘మానురేవు’ అని సాధారణ మాటతో సరిపెట్టుకోవడం మేలు. ‘రేవెన్’ బొంతకాకి. దానికున్న ఇంకో తెలుగు పేరులో కులం పేరు ఉంది, దాని జోలికి పోవద్దు. ‘కాకులకోట’లో ఎంత క్రూరుడైన రాజు కూర్చున్నా పాఠకుడు భయపడడు. ‘వాయసదుర్గం’ అనగానే గొంతు మారుతుంది.

ఈ గొంతు మార్పే మన చేతిలోని అసలు పనిముట్టు. పల్లెలకు, వాగులకు, గుట్టలకు అచ్చతెలుగు, రాజధానులకు, కోటలకు, మఠాలకు సంస్కృతం అని మొదట్లోనే పంచేసుకుంటే రాజ్యంలో ఎవరు పాతవాళ్లో, ఎవరు పెత్తందార్లో పేర్లే చెప్తాయి. అచ్చతెలుగు పేర్లలో ఖ, ఘ, ధ, భ లాంటి ఒత్తక్షరాలు రానివ్వొద్దు. పల్లి, పాడు, పూడి, మిట్ట, దిన్నె, లంక, మడుగు, కుంట, కోన లాంటివి ఊరి ఆకారాన్ని బట్టి వాడాలి: లంక అంటే చుట్టూ నీరుండాలి, కోన అంటే కొండల నడుమ ఉండాలి. తెలుగు మాటకు సంస్కృతం అతికితే వైరి సమాసమని వ్యాకరణం వద్దంటుంది గానీ ఊరిపేర్లు ఆ మాట ఎన్నడూ విన్లేదు, ‘కొత్తపురం’ హాయిగా ఉంటుంది. ‘ఆబాద్’ మాత్రం వాడకండి. దాని వెనక మన లోకపు చరిత్ర మరీ స్పష్టంగా ఉంది.

తెలుగుకు పెద్దక్షరాలు లేవన్నది మరిచిపోతే ఇంకో దెబ్బ. మూలంలో పెద్దక్షరంతో ‘ది ఫారెస్ట్’ అని ఉంటే అది ఒక పేరు. ‘కారడవి’ అని రాస్తే మామూలు దట్టమైన అడవి అయిపోతుంది. ఇలాంటివాటికి రెండో ముక్క చేర్చాలి: ‘కారుచీకటికాన’. కోట్స్‌తో గట్టెక్కుదామనుకోవద్దు, పేజీకి పదిసార్లు కోట్స్ కంటికి గుచ్చుకుంటాయి. సంధి కలిపి చూడటమూ తప్పనిసరి. ‘బ్లాక్‌వాటర్’కు నల్ల, ఏరు కలిపితే ‘నల్లేరు’. అది ఒక తీగ మొక్క, పైగా ‘నల్లేరు మీద నడక’ అన్న సామెత తగులుకుని ఉంది. ‘నల్లవాగు’ అనేస్తే గొడవ లేదు.

తర్వాత విభక్తులు. ‘సర్పవనం’ అన్నది ‘సర్పవనంలో’, ‘సర్పవనానికి’, ‘సర్పవనపు’ అవుతుంది. ఏరుతో ముగిసే పేరు ‘ఏటి’ అవుతుందా, ‘ఏరు’గానే ఉంటుందా అన్నది ముందే రాసుకోవాలి. లేకపోతే ఒక అధ్యాయంలో ‘వెండేటి ఒడ్డు’, మరో అధ్యాయంలో ‘వెండేరు ఒడ్డు’ వచ్చి పాఠకుడు రెండు నదులనుకుంటాడు. పొల్లుతో ముగిసే పరాయి పేర్లకు ‘కి’, ‘కు’లలో ఒకదాన్నే ఖాయం చేసుకోండి. టైపు చేసేటప్పుడు పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు అతుక్కోకుండా ఆపే, కంటికి కనిపించని గుర్తు) పెట్టాలి. పెడితే ‘కెల్దరిన్‌లో’, పెట్టకపోతే ‘కెల్దరిన్లో’. కొన్నిచోట్ల పెట్టి కొన్నిచోట్ల మానేస్తే వెతుకులాటలో సగం పేర్లు దొరకవు, చివర్లో పేరు మార్చాల్సి వచ్చినప్పుడు ఆ సగం పాతగానే మిగిలిపోతాయి.

లిప్యంతరీకరణకు రచయిత ఇచ్చిన ఉచ్చారణ పట్టికే ప్రమాణం. ఇంగ్లిష్‌లోని రెండు ‘వ’లూ (v, w) మనకు ఒకటే కనుక వేరువేరు పేర్లు కలిసిపోయే ప్రమాదం ఉంది. ఎల్ఫుల భాషకు ల, న మాత్రమే, మరుగుజ్జుల భాషకు ట, డ, ణ, ళ కూడా అని పెట్టుకుంటే చెవికే జాతి తెలిసిపోతుంది.

అన్నీ అయ్యాక షీట్‌ను తెలుగు గడి ప్రకారం అకారాది క్రమంలో పెట్టండి. మూలంలో పోలికే లేని ‘గ్రేఫెల్’, ‘సిండర్‌డన్’ అన్న రెండు ఊళ్లూ ‘బూడిదకొండ’లై పక్కపక్కన కనిపిస్తాయి. కథలో చిన్నదైన ఊరి పేరు మార్చండి. గ్రేఫెల్ ‘మసకకొండ’ అయితే చాలు, మ్యాప్‌లోనూ అదే రోజు దిద్దాలి.