లాగర్ బీరులో వెన్న వాసన ఎలా పోగొట్టానంటే (నా అనుభవం)

నాన్న నుంచి బ్రూవరీ నా చేతికొచ్చిన మొదటి ఏడాదే మా లాగర్‌లో వెన్న వాసన మొదలైంది, ట్యాంక్‌లో రుచి చూస్తే బానే ఉండేది, బాటిళ్లలో కొన్నాళ్లు ఉన్నాక బయటపడేది. మాల్ట్ మార్చా, పైపులన్నీ మళ్లీ మళ్లీ కడిగించా, పాత కస్టమర్లు "మీ నాన్నగారప్పటి రుచి లేదు" అంటుంటే రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

చివరికి నాన్న రాసుకున్న పాత బ్యాచ్ పుస్తకాలు ముందేసుకుని నావాటితో పోల్చి చూశా. గ్రావిటీ (బీరులో ఇంకా ఎంత చక్కెర మిగిలిందో చెప్పే కొలత) తగ్గడం ఆగిపోయాక కూడా ఆయన ట్యాంక్‌ని రెండు మూడు రోజులు అలాగే వదిలేసేవారు, నేనేమో ఆర్డర్ల తొందరలో వెంటనే చల్లబరిచేస్తున్నా. ఆ వాసన డయాసిటైల్ అనే రసాయనానిది. ఈస్ట్ వదిలిన ఒక పదార్థం నెమ్మదిగా డయాసిటైల్‌గా మారుతుంది, దాన్ని మళ్లీ ఈస్టే పీల్చుకోవాలి, ముందే చల్లబరిస్తే ఈస్ట్ అడుక్కి దిగిపోతుంది, ఇంక ఆ పని ఎవరు చేస్తారు?

ఇప్పుడు 10-12 డిగ్రీల్లో పులిసే లాగర్‌ని, గ్రావిటీ ఇంకాస్త తగ్గాల్సి ఉండగానే 16 డిగ్రీలకి పెంచి రెండు మూడు రోజులు ఉంచుతున్నా. తర్వాత ఒక శాంపిల్‌కి మూతపెట్టి 60 డిగ్రీల వేడినీళ్లలో 20 నిమిషాలు ఉంచి, చల్లార్చి, వేడి చెయ్యని శాంపిల్ పక్కన పెట్టి వాసన చూస్తాం, ఈస్ట్ వదిలిన ఆ పదార్థం ఇంకా మిగిలుంటే వేడికి త్వరగా డయాసిటైల్‌గా మారి బయటపడుతుంది. వెన్న వాసన తగిలితే ఇంకో రోజు ఆగడమే, ఆర్డర్ ఎంత అర్జెంటైనా సరే. ఈ టెస్టుకి మాత్రం నాన్నని తప్పకుండా పిలుస్తా, ఆయన సరే అన్నాకే ట్యాంక్ చల్లబరుస్తాం.